పైన కాలిన చిప్ప, కింద చల్లబడిన కడుపు: ఒక సల్కాటా తాబేలు కేసు

ఈ కేసు ఉత్తర టెక్సస్‌లో ఉంటున్న ఒక తెలుగు కుటుంబానిది. వాళ్ళ అనుమతితోనే రాస్తున్నాను. పేర్లు, ఊరు, గుర్తుపట్టే వివరాలు వదిలేశాను. నేను ఇక్కడ కుక్కలు, పిల్లులతో పాటు పక్షులకూ సరీసృపాలకూ వైద్యం చేసే వెటర్నరీ డాక్టర్ని. చలిగాలులు మొదలైతే తాబేళ్ళ కేసులు వరుసగా వస్తాయి. వాటిలో దీన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఒకే జంతువుకి రెండు వ్యతిరేకమైన దెబ్బలు తగిలాయి: వీపు మీద కాలిన గాయం, ఊపిరితిత్తుల్లో చలి వల్ల ముదిరిన ఇన్ఫెక్షన్. ఇంటివాళ్ళు ఏటేటా వేడి పెంచుతూ వచ్చారు. పెంచిన కొద్దీ రెండూ ఎక్కువయ్యాయి. ఎందుకలా జరిగిందో అర్థమైతే, ఇంట్లో తాబేలు ఉన్న మరి కొందరు ఈ చలికాలానికి ముందే జాగ్రత్తపడతారని నా ఆశ.

నేపథ్యం

సల్కాటా ఆఫ్రికాలో సహారా ఎడారికి దక్షిణపు అంచున ఉండే సాహెల్ ప్రాంతపు తాబేలు. గలాపగోస్, అల్దాబ్రా దీవుల తాబేళ్ళ తర్వాత ప్రపంచంలో ఇదే పెద్దది. ఖండాల మీద బతికే తాబేళ్ళలో దీన్ని మించింది లేదు. మగవి నలభై యాభై కిలోలు తూగడం మామూలే, డెబ్బై ఏళ్ళు దాటి కూడా బతుకుతాయి. అడవిలో వీటి సంఖ్య బాగా పడిపోయింది. కానీ అమెరికాలో ఇళ్ళల్లోనే విపరీతంగా గుడ్లు పెట్టించి, అరచేతిలో పట్టే పిల్లల్ని చవకగా అమ్ముతారు. కొనేటప్పుడు అది పదేళ్ళలో ఎంత అవుతుందో చాలామంది ఊహించరు.

యూరప్ తాబేళ్ళు కొన్ని చలికాలమంతా నిద్రపోతాయి. సల్కాటా అలా కాదు, దానికి శీతనిద్ర లేదు. చలి వేస్తే శరీరం మందగిస్తుందే తప్ప, చలికాలం గడుపుకునే ఏర్పాటు దాని ఒంట్లో లేదు. సొంత దేశంలో ఎండ నుంచీ కరువు నుంచీ తప్పించుకోవడానికి లోతైన బొరియలు తవ్వుకుంటుంది. ఇక్కడ కూడా తవ్వుతుంది. కానీ ఉత్తర టెక్సస్‌లో లోపలి నేల పద్దెనిమిది, పందొమ్మిది డిగ్రీల దగ్గర ఉంటుంది, పైగా నల్లరేగడి, వానొస్తే చెమ్మ ఆరదు. చలి, తడి రెండూ కలిస్తే ఈ జాతికి అంతకు మించిన శత్రువు లేదు. అందుకే ఇక్కడ బొరియ మీద ఆధారపడడం కుదరదు.

ఈ ఇంటి తాబేలు మగది. తొమ్మిదేళ్ళ వయసు, ఇరవై ఎనిమిది కిలోల బరువు. పాప పుట్టినరోజుకి సరీసృపాల ప్రదర్శనలో కొన్నారు. మొదటి కొన్నేళ్ళు ఇంట్లోనే పెట్టెలో పెరిగింది. ఇంట్లో అందరూ దాన్ని "వాడు" అంటారు, నేనూ అలాగే రాస్తాను. వాడు పెద్దవాడయ్యాక పెరట్లో ఒక చెక్క షెడ్ కొని పెట్టారు: పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, అంతే ఎత్తు. గోడలు పలుచటి ప్లైవుడ్. కుక్కల తలుపు లాంటి ప్లాస్టిక్ రేకు వాకిలి. లోపల ఎండుగడ్డి. పైకప్పు నుంచి గొలుసుతో ఒక ఎర్ర హీట్ ల్యాంప్.

2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో వచ్చిన మంచు తుఫాను వీళ్ళనూ వదల్లేదు. 15వ తేదీ తెల్లవారుజామున కరెంటు కోతలు మొదలయ్యాయి. మర్నాడు డాలస్ ఎయిర్‌పోర్ట్ దగ్గర మైనస్ 19 సెల్సియస్ నమోదైంది. అప్పటికి వాడు పది కిలోల లోపే. బాత్‌రూమ్‌లోకి తెచ్చి దుప్పట్లు కప్పి కాపాడుకున్నారు. ఆ రెండు మూడు రోజుల భయం ఇంటాయన మనసులో అలాగే ఉండిపోయింది. తర్వాతి ప్రతి చలికాలంలోనూ ఒక దీపమో, ఒక హీటరో అదనంగా చేరుతూ వచ్చింది. నా దగ్గరికి వచ్చేనాటికి షెడ్‌లో 250 వాట్ల ల్యాంపులు రెండు, 1500 వాట్ల ఫ్యాన్ హీటర్ ఒకటి ఉన్నాయి. ఈ మూడింటికీ ఇంటి బయటి ప్లగ్ నుంచి లాగిన ఒకే ఎక్స్‌టెన్షన్ కార్డ్.

ప్రేమ లేకో, పట్టించుకోకో ఇలా జరగలేదని ముందే చెప్పాలి. నేను చూసిన శ్రద్ధ గల యజమానుల్లో వీళ్ళు ముందువరసలో ఉంటారు.

ఏ సమస్యతో వచ్చారు

జనవరిలో ఒక చలిగాలి వచ్చి వెళ్ళాక తీసుకొచ్చారు. రెండు వారాలుగా తిండి సరిగ్గా లేదు. ఎప్పుడూ ఎగబడి తినే నాగజెముడు మట్టలు కూడా ముట్టుకోవడం లేదు. ముక్కు దగ్గర బుడగలు. మెడ చాచి, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నాడు. చిప్ప నడినెత్తిన రెండు పెంకుల మీద రంగు తెల్లబారి, అంచులు లేచినట్టున్నాయి. ఆ తెల్లమచ్చ గురించి వాళ్ళకి బెంగ లేదు, "పొడిబారింది, కొబ్బరినూనె రాస్తున్నాం" అన్నారు. వాళ్ళ ప్రశ్న ఒక్కటే: "డాక్టరు గారూ, ఇంకా పెద్ద హీటర్ పెట్టమంటారా?"

ఆ మధ్యాహ్నం నాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట ఇండియా నుంచి వచ్చి ఉన్న బామ్మగారిది. ఆవిడ రోజూ షెడ్ దగ్గర కాసేపు కూర్చుంటారట. "చూడమ్మా, వీడి వీపు మీద చెయ్యి పెడితే చుర్రుమంటుంది. కడుపు కింద చెయ్యి పెడితే ఫ్రిజ్‌లోంచి తీసినట్టుంటుంది. ఆ దీపం కింద నుంచి కదలడు" అన్నారు. కేసు మొత్తం ఆ మాటల్లోనే ఉంది.

మల ద్వారం దగ్గర కొలిస్తే ఒంటి వేడి 17 డిగ్రీలు. సల్కాటా చురుగ్గా ఉండాలంటే ముప్పై చుట్టుపక్కల ఉండాలి.

ముందు ఏం చేయాలి

ఇక్కడ మొదటి నిర్ణయం: వెంటనే మందులు మొదలుపెట్టాలా, ముందు ఒళ్ళు వెచ్చబరచాలా?

తాబేలు తన వేడిని తాను తయారు చేసుకోలేదు. చుట్టూ ఉన్న వేడే దాని జీర్ణశక్తి, దాని రోగనిరోధక శక్తి. పేగుల్లో గడ్డిని పులియబెట్టే సూక్ష్మజీవులు కూడా వెచ్చగా ఉంటేనే పనిచేస్తాయి. 17 డిగ్రీల దగ్గర యాంటీబయాటిక్ ఇస్తే, అది ఒంట్లో ఎలా పాకుతుందో, ఎంతసేపు ఉంటుందో అంచనా వేయలేం. ఆ చలిలో బలవంతంగా తిండి పెడితే లోపలే కుళ్ళిపోతుంది. అందుకే వరస ఇలా పెట్టుకున్నాను: ముందు వెచ్చదనం, తర్వాత నీళ్ళు, తర్వాత మందు, చివరికి తిండి. వెచ్చబరచడం కూడా ఒక్కసారిగా కాదు. క్లినిక్ గదిలో గాలినే వేడి చేస్తూ, ఒక రోజు పైగా తీసుకుని ముప్పైకి తెచ్చాం. పైనుంచి ఏ దీపమూ పెట్టలేదు.

ఎక్స్‌రేలో ఎడమ ఊపిరితిత్తి మసకబారి కనిపించింది. తాబేళ్ళలో ఊపిరితిత్తులు చిప్ప పైకప్పుకి ఆనుకుని ఉంటాయి. మామూలుగా పైనుంచి తీసే ఎక్స్‌రేలో అన్ని అవయవాలూ ఒకదాని మీద ఒకటి పడతాయి. కిరణాన్ని అడ్డంగా, ముఖం వైపు నుంచి పంపితే కుడి ఎడమలు పక్కపక్కన పోల్చి చూడొచ్చు. మనకున్నట్టు డయాఫ్రం వీటికి లేదు. దగ్గి కఫం బయటికి నెట్టలేవు. లోపల చేరింది లోపలే ఉండిపోతుంది. ముక్కులో బుడగ కనిపించే సమయానికి లోపల జబ్బు చాలా రోజులుగా నడుస్తూ ఉంటుంది.

శ్వాసనాళంలోంచి నమూనా తీసి కల్చర్‌కి, అంటే ఏ సూక్ష్మజీవో తేల్చే పరీక్షకి పంపి, ఒళ్ళు వెచ్చబడ్డాక సెఫ్టాజిడిమ్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ మొదలుపెట్టాను. ఇది మూడు రోజులకోసారి ఇస్తే చాలు. ముందుకాళ్ళలోనే వేస్తాం. వెనక కాళ్ళ రక్తం ముందు మూత్రపిండాల మీదుగా వెళ్ళే దారి సరీసృపాల్లో ఉంది కాబట్టి వెనక వేయం. రోజూ గోరువెచ్చని నీళ్ళలో కాసేపు నిలబెట్టడం కూడా వైద్యంలో భాగమే.

మచ్చ సంగతి వేరు. లేచిన పెంకు అంచు తీసి చూస్తే కింద ఎముక పొడిగా, రంగు మారి ఉంది. అది నెమ్మదిగా, చాలా వారాల పాటు కాలిన గాయం.

చిప్ప ఎలా కాలింది

జంతువుని బాగుచేసి అదే షెడ్‌లోకి పంపితే నేను చేసిన వైద్యం అంతా వృథా. అందుకని మందుల కంటే ఎక్కువ సమయం షెడ్ మీదే పెట్టాను. ఇంటాయనకి ఒక పని చెప్పాను: రాత్రి మామూలుగా దీపాలు ఎలా వెలుగుతాయో అలాగే ఓ గంట వెలిగించి, ఆ కింద వాడి ఎత్తులో ఒక చెక్క పెట్టె ఉంచి, ఇన్ఫ్రారెడ్ థర్మామీటర్‌తో పెట్టె పైన, పెట్టె పక్కన, నేల మీద కొలవండి. ఆ గంటసేపూ అక్కడి నుంచి కదలొద్దు. కొలిచాక దీపాలు తీసేయండి.

పైన 52 డిగ్రీలు. పక్కన 16. నేల 8.

గదిలో ఎక్కడో ఒక థర్మామీటర్ గోడకి తగిలించి "ఇరవై డిగ్రీలు ఉంది" అనుకోవడం చాలా ఇళ్ళల్లో చూస్తాను. ఆ ఇరవై ఏ జీవికీ చెందని అంకె. జంతువు ఉన్న చోట, దాని పైనా పక్కనా కిందా ఎంత ఉందన్నదే లెక్క.

దీపం ఎందుకు కాల్చింది? ఎండలో నిలబడిన తాబేలుకి సూర్యుడు వీపుకీ, పక్కలకీ, నేలకీ ఒకే దూరంలో ఉంటాడు. చుట్టూ గాలీ నేలా కూడా వేడెక్కుతాయి. దీపం అలా కాదు. దాని వేడి సన్నటి శంకువులా దిగుతుంది. అరచేతిలో పట్టే పిల్ల ఆ వెలుగులో మొత్తం ఇమిడిపోతుంది. పెద్ద తాబేలుది గుమ్మటం ఆకారం. దాని నడినెత్తి మాత్రమే దీపానికి దగ్గర. ఈ ఇంట్లో గొలుసు మొదట కట్టినప్పుడు దీపానికీ చిప్పకీ మధ్య 45 సెంటీమీటర్లు ఉండేది. గొలుసు అలాగే ఉంది, వాడు పెరిగాడు. ఈ ఏడు చలి ఎక్కువగా ఉందని గొలుసు ఇంకాస్త దించారు. చివరికి దూరం 22 సెంటీమీటర్లు. దూరం సగమైతే పడే వేడి సుమారు నాలుగు రెట్లవుతుంది. అదీ ఒక దీపం కాదు, రెండు.

"కాలుతుంటే పక్కకి జరగడా?" అని పాప అడిగింది. మంచి ప్రశ్న. చిప్పకి స్పర్శ ఉంది, అది రాయి కాదు. కానీ ఒళ్ళంతా చల్లబడి ఉన్నప్పుడు, షెడ్ మొత్తంలో వెచ్చగా ఉన్న చోటు అదొక్కటే అయినప్పుడు, వాడికి జరగడానికి వేరే చోటు లేదు. పైన కాలుతున్నా ఆ వేడి కడుపు దాకా దిగదు. చిప్ప ఎముక మందంగా ఉంటుంది, రక్తప్రసరణ చలికి మందగించి ఉంటుంది, పైన పడిన వేడిని లోపలికి మోసుకెళ్ళేది ఏదీ ఉండదు. కిందనేమో ఎనిమిది డిగ్రీల నేల ఉన్న కాస్త వేడినీ లాగేస్తోంది.

ఎర్ర దీపం రాత్రంతా వెలిగితే తాబేళ్ళకి కనిపించదనే నమ్మకం కూడా తప్పు. వీటికి రంగులు బాగా తెలుస్తాయి, ఎరుపుతో సహా. నిద్రకి చీకటి కావాలి.

మంటకి ఎంత దగ్గరగా ఉన్నారో

ఆయన పంపిన ఫోటోల్లో నన్ను నిజంగా భయపెట్టినవి రెండు. ఒకటి, దీపం పక్కన ఉన్న చెక్క మీద గోధుమరంగు మచ్చ. అది మాడిన గుర్తు. కింద ఎండుగడ్డి. దీపాన్ని పట్టి ఉంచింది ఒక క్లిప్పు, ఒక సన్న గొలుసు. ఇరవై ఎనిమిది కిలోల జంతువు అటూ ఇటూ తోసుకుంటూ తిరిగే చోట ఆ క్లిప్పు ఊడడానికి ఎంతసేపు?

రెండోది, ఎక్స్‌టెన్షన్ కార్డ్ చివర ప్లగ్ నల్లబడి, ప్లాస్టిక్ కొద్దిగా కరిగింది. లెక్క వేసి చూపించాను. ల్యాంపులు 500 వాట్లు, హీటర్ 1500. మొత్తం 2000. ఇక్కడి 120 వోల్టుల కరెంటుకి అది పదహారు ఆంపియర్లు దాటుతుంది. ఆ కార్డ్ మోయగలిగింది పదమూడు. "మరి బ్రేకర్ పడలేదేమండీ?" అన్నారాయన. ఆ బ్రేకర్ ఇరవై ఆంపియర్లది. అది గోడలోని లావు వైరుని కాపాడుతుంది. బయట లాగిన సన్న కార్డ్ ఎంత వేడెక్కినా దానికి తెలియదు. ఇది చాలామందికి తెలియని సంగతి, తాబేళ్ళు లేని ఇళ్ళకీ పనికొస్తుంది.

ఆ రాత్రే అన్నీ పీకేశారు.

పెద్ద హీటర్ ఎందుకు వద్దన్నాను

ఇంటాయన ఇంజినీరు, అంకెలతో చెప్తే తేలిగ్గా ఒప్పుకుంటారు. కాగితం మీద వేశాం. షెడ్ గోడలు, పైకప్పు, నేల కలిపి దాదాపు 42 చదరపు మీటర్లు. పలుచటి చెక్క. బయట మైనస్ 6, లోపల 27 కావాలంటే తేడా 33 డిగ్రీలు. ఆ గోడల గుండా పోయే వేడి ఐదు వేల వాట్ల పైమాటే. సందుల్లోంచి దూరే గాలి సంగతి ఇందులో కలపలేదు. ఇలాంటి హీటర్లు మూడు పెట్టినా చాలవు. ఉన్న బయటి లైను ఒకదాన్నే సరిగ్గా మోయలేకపోతోంది.

అదే, షెడ్ లోపల ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తున్న పెట్టె చేసి, ఆరు వైపులా రెండంగుళాల ఫోమ్ బోర్డు వేస్తే? ఉపరితలం ఎనిమిది చదరపు మీటర్లకి పడిపోతుంది. పోయే వేడి 150 వాట్ల దగ్గర. తలుపు సందులకీ మూలలకీ రెట్టింపు వేసుకున్నా 300. ఇంట్లో పాత బల్బులు మూడు నాలుగు తినేంత కరెంటు.

అంటే వీళ్ళకి కావలసింది ఎక్కువ వేడి కాదు, వేడి నిలిచే చిన్న గది. తాబేలు నిద్రపోయే చోటికి తల ఎత్తి నిలబడే ఎత్తు చాలు. ఎనిమిదడుగుల ఎత్తున్న షెడ్‌లో వెచ్చటి గాలంతా పైకప్పుకి చేరి, నేల మీదున్న వాడికి ఏమీ మిగిలేది కాదు.

ప్రయత్నించినవి, ఫలించనివి

పెట్టె తయారయ్యే దాకా వాడు ఇంటి గరాజ్‌లో ఒక మూల ఉన్నాడు. అక్కడ కొత్తగా కొన్న డిజిటల్ హీటర్ పెట్టారు. ఒక రాత్రి కరెంటు క్షణంపాటు పోయి వచ్చింది. హీటర్ మాత్రం తిరిగి వెలగలేదు. బటన్లతో పనిచేసే చాలా హీటర్లు అంతే, కరెంటు వచ్చాక ఎవరో ఒకరు మళ్ళీ నొక్కాలి. ఫోన్‌కి కబురు పంపే థర్మామీటర్ ముందే పెట్టించాను కాబట్టి తెల్లవారుజామున ఇంటావిడ ఫోన్ మోగింది, గది ఇంకా 20 దగ్గర ఉండగానే చూసుకున్నారు. ఇదే కారణంతో, బయటి థర్మోస్టాట్‌కి (వేడిని బట్టి హీటర్‌ని ఆపి, వెలిగించే పరికరం) కలిపే హీటర్‌కి తిప్పే నాబ్ ఉండాలి. లేకపోతే థర్మోస్టాట్ ఒకసారి ఆపాక అది ఇక వెలగదు.

సిరామిక్ హీటర్ బల్బుల గురించి కూడా ఆలోచించాం. వెలుతురు ఉండదన్నది వాటి సుగుణం. కానీ ఉపరితలం విపరీతంగా వేడెక్కుతుంది, ఒక్క బిందువు నుంచి పైనుంచే వేడి దిగుతుంది. రెండడుగుల ఎత్తు పెట్టెలో ఇంత పెద్ద జంతువు మీద అది మళ్ళీ పాత కథే. వద్దనుకున్నాం. పందిపిల్లల కోసం తయారుచేసే గట్టి హీట్ మ్యాట్ చాలామంది వాడతారు, తగిన రెగ్యులేటర్ ఉంటే మంచి వస్తువే. అయితే అది ఒక్కటే పెడితే కడుపు వెచ్చగా, గాలి చల్లగా ఉంటుంది. ఊపిరితిత్తుల జబ్బు నుంచి కోలుకుంటున్నవాడికి పీల్చే గాలి వెచ్చగా ఉండాలి.

ఫ్యాన్ హీటర్ అసలే వద్దన్నాను. దుమ్మూ గడ్డిపోచలూ లోపలికి లాక్కుని కాయిల్ మీద పోస్తుంది.

చివరికి నూనె నింపిన చిన్న రేడియేటర్ హీటర్, 700 వాట్లది, ఎంచుకున్నాం. ఎక్కడా నిప్పులా మండే చోటు ఉండదు, చుట్టూ గాలిని నెమ్మదిగా వేడి చేస్తుంది. పెట్టె ఒక చివర నిలబెట్టి, ముందు లావాటి చెక్కల కటకటం కట్టారు. సల్కాటా దేన్నయినా తోస్తుంది, దేని మీదకైనా ఎక్కుతుంది. వైరు వాడికి అందని ఎత్తులో, లోహపు గొట్టంలోంచి నడిపారు. హీటర్ కంపెనీలు తమ వస్తువుని నేరుగా గోడ ప్లగ్‌కే పెట్టమంటాయి. అందుకే ఎక్స్‌టెన్షన్ కార్డ్ పూర్తిగా మానేసి, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత షెడ్ దాకా వేరే లైను వేయించి, హీటర్‌కి అవసరమైన దానికంటే రెట్టింపు మోయగల థర్మోస్టాట్‌ని ఆయన చేతే పెట్టించాం.

అయినా మొదటి రాత్రి కొలతలు నిరాశపరిచాయి. పెట్టె కప్పు దగ్గర 27, నేల మీద 19. కారణాలు వెతికితే రెండు దొరికాయి. థర్మోస్టాట్ ప్రోబ్‌ని, అంటే వేడిని కొలిచే కొనని, వాడికి అందకూడదని కప్పుకి బిగించారు. కప్పు వెచ్చబడగానే హీటర్ ఆగిపోతోంది. వాకిలేమో పెట్టె మధ్యలో ఉంది, ప్లాస్టిక్ రేకులు ఒకదాని మీద ఒకటి సరిగా పడకుండా కింద చల్లగాలి పారుతోంది. ప్రోబ్‌ని వాడి భుజం ఎత్తుకి దించి, దాని మీద చిల్లుల లోహపు రేకు కప్పారు. వాకిలిని మూలకి మార్చి, లోపల ఒక అడ్డుగోడ కట్టారు. గాలి నేరుగా లోపలికి రాకుండా మలుపు తిరగాలి. రాత్రిపూట మూయడానికి ఫోమ్ నింపిన గట్టి తలుపు కూడా పెట్టారు.

ఇంకో చిక్కు, బయటి సాకెట్. ఇక్కడ బయట పెట్టే ప్లగ్‌లకి కరెంటు లీకైతే ఆపే రక్షణ తప్పనిసరి. మంచు పట్టిన రాత్రి చెమ్మకి అది రెండుసార్లు పడిపోయింది. ఆ రక్షణ తీసేయమని ఎవరో సలహా ఇచ్చారట. నేను గట్టిగా వద్దన్నాను. తడి, ఉచ్చ, వైరు ఒకేచోట ఉన్నప్పుడు అదే ప్రాణాలు కాపాడేది. సాకెట్‌ని ప్లగ్ పెట్టినా మూసి ఉంచే వానమూత ఉన్నదానితో మార్చి, షెడ్ లోపలికి ఎత్తుగా జరిపాక ఆ బాధ తప్పింది.

పనిచేసినవి

సరిచేశాక బయట మైనస్ 5కి పడిన రాత్రి వాడి ఎత్తులో 26, 27 మధ్య నిలిచింది. హీటర్ సగం సేపు కూడా వెలగలేదు. దానికి తోడు రెండో థర్మోస్టాట్‌ని వరసలో పెట్టాం, 32 డిగ్రీలకి. మొదటిది చెడి హీటర్ ఆగకుండా వెలుగుతూనే ఉంటే ఇది ఆపుతుంది. చల్లబడటం కంటే, మూసిన పెట్టెలో వేడెక్కిపోవడం ఇంకా తొందరగా చంపుతుంది. ఖర్చు చిన్నది. దీన్ని మాత్రం ఎవరికీ వదిలిపెట్టనివ్వను.

గడ్డి పూర్తిగా తీసేసి, తడి నిలిపే కొబ్బరిపీచు పొట్టు, చెట్టుబెరడు ముక్కలు పరిచారు. మరీ పొడి గాలి కూడా ఊపిరితిత్తులకి మంచిది కాదు. దీపాలు లేవు కాబట్టి అతినీల కిరణాల కోసం మధ్యాహ్నం ఎండ కాచిన రోజుల్లో, బయట పదిహేను దాటితే, కాసేపు వదులుతారు. వరసగా మబ్బు పట్టి ఉంటే షెడ్‌లో పగటిపూట మాత్రమే అతినీల కిరణాల ట్యూబ్‌లైటు వేస్తారు.

తలుపు సంగతి బామ్మగారు తన చేతుల్లోకి తీసుకున్నారు. సాయంత్రం వాడు లోపలికి చేరాడో లేదో చూసి, గట్టి తలుపు వేసి రావడం. ఇది యంత్రాలు చేయలేని పని. పెద్ద సల్కాటాలు ఎండ వాలే వేళకి ఎక్కడ ఆగితే అక్కడే కూలబడతాయి. తెల్లారేసరికి పచ్చికలో గడ్డకట్టి ఉంటాయి. పెట్టె ఎంత వెచ్చగా ఉన్నా వాడు లోపల లేకపోతే ఉపయోగమేముంది?

ఒళ్ళు వెచ్చగా నిలిచాక మందు పని మొదలైంది. నోరు తెరిచి ఊపిరి తీయడం ముందు తగ్గింది, బుడగలు ఆ తర్వాత ఆగాయి. తిండి అన్నిటికంటే ఆలస్యంగా, మొదట మందార ఆకులతో తిరిగొచ్చింది. ఆ కబురు చెప్పడానికి పాపే ఫోన్ చేసింది. కొన్ని నెలల తర్వాత తీసిన ఎక్స్‌రేలో ఎడమ ఊపిరితిత్తి దాదాపు కుడిదానిలాగే కనిపించింది. చిప్ప గాయానికి ఓపిక కావాలి. చచ్చిన పెంకు తీసేసి, శుభ్రం చేస్తూ, సిల్వర్ సల్ఫాడయజిన్ అనే కాలిన గాయాల పూతమందు రాస్తూ వచ్చాం. కింద కొత్త పొర కడుతోంది. పూర్తిగా మూసుకోవడానికి ఏడాదికి పైగానే పడుతుంది, మచ్చ మాత్రం జీవితాంతం ఉంటుంది.

కరెంటు పోతే

2021 మళ్ళీ రాదని ఎవరూ చెప్పలేరు కాబట్టి దీని మీద విడిగా మాట్లాడుకున్నాం. ఇన్సులేషన్ ఉన్న పెట్టె కరెంటు పోయాక కూడా కొన్ని గంటలు వేడిని పట్టి ఉంచుతుంది. పాత షెడ్‌లో అది నిమిషాల్లో పోయేది. ఆ సమయంలో వేడినీళ్ళ సీసాలు తువ్వాలు చుట్టి పెట్టొచ్చు. లోపల 20 కంటే తగ్గితే ఇక ఆగకుండా ఇంట్లోకి తేవడమే. అందుకు పిల్లలు మంచులో జారే ప్లాస్టిక్ బల్ల ఒకటి కొని షెడ్ గోడకి తగిలించారు. ఇరవై ఎనిమిది కిలోలు ఇద్దరు లాగితే చాలు.

బొగ్గుల కుంపటి, గ్యాస్ హీటర్ షెడ్‌లో గానీ గరాజ్‌లో గానీ పెట్టకూడదు. జనరేటర్ ఉంటే ఇంటికి ఇరవై అడుగుల దూరంలో, ఆరుబయట. ఆ ఫిబ్రవరిలో టెక్సస్‌లో చలికి తట్టుకోలేక కార్లు, జనరేటర్లు, కుంపట్లు మూసిన చోట వెలిగించి కార్బన్ మోనాక్సైడ్‌తో మనుషులే చనిపోయారు. తాబేలు కోసం చేసినా ప్రమాదం అదే.

ఇండియాలో ఉన్నవాళ్ళకి ఒక మాట

ఈ పద్ధతి చదివి ఊళ్ళో నక్షత్ర తాబేలుకి ఇలాంటి పెట్టె చేద్దామని ఎవరూ అనుకోవద్దు. రాయలసీమ పొదల్లో సహజంగా బతికే ఆ జాతిని ఇంట్లో ఉంచుకోవడం వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. 2022 సవరణతో అది అత్యధిక రక్షణ ఉన్న మొదటి షెడ్యూల్లో ఉంది. 2019లో అంతర్జాతీయ వ్యాపారాన్ని కూడా నిషేధించారు. మన వాతావరణంలో దానికి హీటర్ అక్కర్లేదు, దాని చోటు దానికి ఉంటే చాలు. దొరికితే అటవీశాఖకి అప్పగించాలి. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మం గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్ళని సంరక్షిస్తున్నారు. చూడాలనిపిస్తే అక్కడికి వెళ్ళండి.

ఈ కేసు తర్వాత నేను మార్చుకున్న పద్ధతి

ఇప్పుడు నా దగ్గరికి వచ్చే ప్రతి సల్కాటా కుటుంబాన్నీ అక్టోబరులోనే మూడు కొలతలు పంపమంటున్నాను: రాత్రి నిద్రపోయే చోట చిప్ప నడినెత్తి, చిప్ప పక్క, నేల. మూడింటి మధ్య తేడా ఐదారు డిగ్రీలకి మించితే వాట్ల గురించి మాట్లాడను. ముందు గది సైజు, గోడలు, వాకిలి గురించి అడుగుతాను. ఇంకో ఫోటో, ప్లగ్‌లది. ఎక్స్‌టెన్షన్ కార్డ్ కనిపిస్తే అదే రోజు ఫోన్ చేస్తాను.

ఈ ఇంటి తాబేలు ఇప్పుడు ముప్పై కిలోలు దాటాడు. పెట్టెలో తిరగడానికి ఇంకా చోటుంది కానీ నలభై దాటితే చాలదు. ఎనిమిదడుగుల పొడవు పెట్టె కొలతలు ఇంటాయన ఇప్పటికే గీసి పంపారు. వాకిలి వెడల్పు ఇంకో మూడంగుళాలు పెంచమని రాశాను.